32 జీబీలో కాపురం



పోయిన నెల ఫోన్‌లో ఫొటోలు సర్దుకోవడం గురించి రాశాను కదా. దానికి వచ్చిన వాయిస్ మెసేజ్‌లలో ఒకటి నన్ను వదల్లేదు. ఇక్కడే, ఇంగ్లండ్ మిడ్‌ల్యాండ్స్‌లో ఒక కేర్ హోమ్‌లో నైట్లు చేసే చెల్లెలిది. "అక్కా, మా ఇంట్లో ఉన్నది ఒకటే లాప్‌టాప్. బాబు ఇయర్ సెవెన్‌లోకొచ్చాడు, హోంవర్క్ అంతా ఆన్‌లైన్. నా ట్రైనింగ్ మాడ్యూళ్ళు కూడా దాంట్లోనే. అదేమో రోజూ స్థలం చాలదంటోంది, అప్‌డేట్ ఎక్కట్లేదు. మా ఆయన ఫ్రెండు లినక్స్ పెట్టుకోండి, ఫ్రీ అన్నాడు. ఏ లినక్స్ అంటే గుక్క తిప్పుకోకుండా పది పేర్లు చెప్పాడు. కొత్తది ఈ ఏడాది కొనలేం, ఇక్కడికి రావడానికి చేసిన అప్పే తీరలేదు. ఉన్నదాన్ని కూడా పాడుచేసుకుంటే వాడికి ఏం ఇవ్వను?"

ఆ చివరి మాట కోసమే ఈ నెల కాలమ్. నేను కంప్యూటర్ చదువు చదివినదాన్ని కాదు, వార్డులో నర్సుని. కానీ మా ఇంట్లో ఇలాంటి పాత లాప్‌టాప్‌లు రెండిటిని బతికించాను. ఒకసారి పెద్ద తప్పూ చేశాను. అదీ చెప్తాను.

ముందు రోగం ఏమిటో చూద్దాం.

చెల్లెలి లాప్‌టాప్ వివరాలు ఫొటో తీసి పంపమన్నాను. ర్యామ్ 4 జీబీ, డిస్కు 32 జీబీ ఈఎంఎంసీ. అంటే మామూలు డిస్కులా ఊడదీసి పెద్దది వేసుకునేది కాదు, బోర్డుకే అతికించి ఉంటుంది. సేల్‌లో చవగ్గా వచ్చిందని కొనుక్కున్న సన్నపాటి లాప్‌టాప్‌లు చాలావరకు ఇవే. పైగా 32 అని అట్టపెట్టె మీద రాసినా తెరిస్తే 29.8 అని కనిపిస్తుంది. ఎవరూ దొంగిలించలేదు. అమ్మేవాళ్ళు వెయ్యి లెక్కన కొలుస్తారు, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది. మన ఊళ్ళో ఒక కొట్లో శేరుకీ ఇంకో కొట్లో శేరుకీ తేడా ఉన్నట్టే.

ఈ 29.8లోనే విండోస్ కాపురం ఉండాలి. విండోస్ 10కి కనీస స్థలాన్ని 2019లో కొత్త మెషిన్లకి 32 జీబీ అన్నారు. విండోస్ 11కైతే 64 జీబీ. అంటే చెల్లెలి లాప్‌టాప్‌కి 11 గుమ్మం ముందే ఆగిపోయింది. ఇక విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకి పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ దాకా వస్తాయి. కానీ అప్‌డేట్ దిగడానికే చోటు లేని మెషిన్‌కి ఆ గడువు ఏం పనికొస్తుంది?

కాబట్టి దారి మార్చుకోవాల్సిందే.

ఇప్పుడు ఆ పది పేర్ల సంగతి. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ అనే వ్యవస్థ మొదలుపెట్టారు. దాని పద్ధతిలోనే, అందరూ ఉచితంగా వాడుకునేలా తర్వాత చాలా వచ్చాయి. వాటిలో రెండు ఇంటిపేర్లు గుర్తుంచుకుంటే చాలు. ఒకటి లినక్స్. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దాని లోపల ఉన్నదీ లినక్సే, అంటే మీకిది కొత్త కాదు. రెండోది బీఎస్‌డీ, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ వంశం. ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ దాని పిల్లలు. లినక్స్ అనేది నిజానికి ఇంజను పేరు. ఆ ఇంజను చుట్టూ కిటికీలూ, బొమ్మలూ, బ్రౌజరూ అమర్చి ఎవరి ముస్తాబులో వాళ్ళిచ్చేవే మింట్, డెబియన్, లుబుంటు లాంటి పేర్లు. పప్పు ఒకటే, తాలింపులు వేరు.

ఎంచుకునేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. స్థలం తక్కువ కాబట్టి అన్నిటికంటే చిన్నది ఏదని వెతుకుతారు. నేనూ అదే చేశాను. టైనీ కోర్ అనే లినక్స్ ఉంది, కిటికీలతో సహా 23 ఎంబీ. మనం ఫార్వర్డ్ చేసుకునే పెళ్ళి వీడియో అంత కూడా ఉండదు. పెట్టాను, రెండు నిమిషాల్లో లేచి కూర్చుంది. చూస్తే బ్రౌజర్ లేదు, వైఫై మనమే చేర్చుకోవాలి, తెలుగు అక్షరం కావాలంటే అదీ మనమే వెతుక్కోవాలి. కావలసినవన్నీ ఒక్కొక్కటే తెచ్చిపెట్టుకుంటూ పోతే చివరికి చిన్నతనం ఏమీ మిగల్లేదు, నా రెండు ఆఫ్ రోజులు మాత్రం అయిపోయాయి. దించుకున్న ఫైలు ఎంత చిన్నదో కాదు చూడాల్సింది. మన పనులన్నీ సర్దాక ఎంత మిగులుతుందో చూడాలి.

అందుకని మూడు లెక్కలు వేసుకోండి. ఒకటి, పెట్టగానే పట్టే చోటు. రెండు, అప్‌డేట్ దిగి విప్పుకోవడానికి కావలసిన చోటు. దీనికి నాలుగైదు జీబీ ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. చెల్లెలి విండోస్ చచ్చింది ఇక్కడే. మూడు, మనం వాడుతుంటే పెరిగేది, అంటే బ్రౌజర్ దాచుకునేవి, పిల్లల ఫైళ్ళు, డౌన్‌లోడ్లు. మొత్తం డిస్కులో సగం ఖాళీగా మిగిలేదైతే నిశ్చింత. మూడో వంతు కూడా మిగలకపోతే ఆర్నెల్లకి మళ్ళీ మొదటికొస్తారు.

ఇప్పుడు ఒక్కొక్కటే చూద్దాం.

లినక్స్ మింట్, ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. 2006 నుంచి ఉన్నది. విండోస్ అలవాటున్నవాళ్ళకి కింద ఎడమపక్క మెనూతో సహా అన్నీ తెలిసిన చోటే కనిపిస్తాయి. కనీసం 20 జీబీ డిస్కు, 2 జీబీ ర్యామ్ అని వాళ్ళే చెప్తారు. హాయిగా ఉండాలంటే 100 జీబీ అంటారు కానీ భయపడకండి. మా ఇంట్లో పెట్టాక చూస్తే పన్నెండు జీబీ లోపే పట్టింది. 32లో సగానికి పైగా మిగిలింది.

లుబుంటు. ఉబుంటు కుటుంబంలో తేలికైనది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఇందులో ఫైర్‌ఫాక్స్ లాంటివి స్నాప్ అనే మూటల్లో వస్తాయి. ఇంటికొచ్చిన చుట్టం తన స్టవ్వూ గిన్నెలూ తనే మోసుకొచ్చినట్టు, ప్రతి మూటా తనకి కావలసిన సామానంతా వెంట తెచ్చుకుంటుంది. పైగా అప్‌డేట్ అయ్యాక పాత మూటని కూడా ఒకదాన్ని అట్టే ఉంచుతుంది. పెద్ద ఇంట్లో ఫర్వాలేదు, సింగిల్ రూములో ఇబ్బంది.

డెబియన్. 1993 నుంచి ఉన్న పెద్ద ముత్తైదువ. ఉబుంటు దీని నుంచే పుట్టింది, ఆ ఉబుంటు నుంచి మింట్. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏ డెస్క్‌టాప్ కావాలో మీరే టిక్ పెట్టుకోవచ్చు. ఎల్‌ఎక్స్‌క్యూటీ ఎంచుకుంటే మింట్‌లో సగం చోటులో సర్దుకుంటుంది. డెస్క్‌టాప్‌కి కనీసం 10 జీబీ డిస్కు ఉంచమంటారు. అడిగే ప్రశ్నలు మాత్రం ఎక్కువ. పక్కన తెలిసినవాళ్ళు ఒకరుంటే చాలా మంచి ఎంపిక.

ఆంటిఎక్స్. ఇదీ డెబియన్ మీద కట్టిందే, పాత మెషిన్ల కోసమే పుట్టింది. 16 జీబీ డిస్కు, 2 జీబీ ర్యామ్ ఉన్నా చకచకా నడుస్తుంది. చూపు కాస్త పాతకాలపుది, మెనూలు అలవాటు కావడానికి వారం పడుతుంది. ఇంకో సంగతి. బాగా పాత మెషిన్ 32 బిట్‌ది అయ్యుంటే (ఇది ప్రాసెసర్ రకం, 32 జీబీకీ దీనికీ సంబంధం లేదు) మింట్, లుబుంటు దాని మీద ఎక్కవు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 కూడా అలాంటివాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. ఆంటిఎక్స్ 23లో మాత్రం 32 బిట్ రకం ఉంది.

పప్పీ లినక్స్. 2003లో ఆస్ట్రేలియాలో బ్యారీ కౌలర్ మొదలుపెట్టాడు. పెన్‌డ్రైవ్ నుంచి లేచి మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది, డిస్కుని ముట్టుకోదు. రోజువారీ వాడకానికి నేను చెప్పను. ఇందులో మామూలుగా అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజర్‌గానే పని చేస్తాం, పిల్లల చేతికి అది మంచిది కాదు. కానీ ఒక పాత పెన్‌డ్రైవ్‌లో వేసి డ్రాయర్‌లో పెట్టుకోండి. విండోస్ లేవని రోజున దీంతో లేపి ఫొటోలు బయటకి తీసుకోవచ్చు. ఫస్ట్ ఎయిడ్ బాక్స్ అనుకోండి.

ఆల్పైన్. డెస్క్‌టాప్ లేకుండా పెడితే చాలా చిన్నది, సర్వర్లు నడిపేవాళ్ళకి ప్రాణం. మన పనికి కాదు.

ఇక బీఎస్‌డీలు. తక్కువవి కావు. మీరు నెట్‌ఫ్లిక్స్‌లో సినిమా చూస్తుంటే ఆ సినిమాని పంపే సర్వర్లలో నడిచేది ఫ్రీబీఎస్‌డీనే. మూల వ్యవస్థ చిన్నది, శుభ్రమైనది. కానీ డెస్క్‌టాప్‌ని మనమే పేర్చుకోవాలి, చవక లాప్‌టాప్‌ల వైఫై చిప్పులు చాలాసార్లు పలకవు. నేర్చుకోవాలనే సరదా, రెండో మెషిన్, తీరుబడి మూడూ ఉంటే చూడండి. ఇంట్లో ఉన్న ఒక్క లాప్‌టాప్ మీద మాత్రం వద్దు.

మరి చెల్లెలికి ఏది? 32 జీబీ, 4 జీబీ ర్యామ్, పక్కన ఆదుకునేవాళ్ళు లేరు, నైట్ డ్యూటీ దిగి వచ్చాక కళ్ళు మూసుకుపోతుంటాయి. లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అన్నాను. అన్నిటికంటే చిన్నది కాదు. ఆ డిస్కుకి చాలుతుంది, సగం మిగులుతుంది, అప్‌డేట్ వస్తే కింద మూలన బొమ్మ చూపిస్తుంది, ఒక్క బటన్‌తో అయిపోతుంది. ఎవరినీ బతిమాలకుండా తనే నడుపుకోగలదు. 16 జీబీ అయితే ఆంటిఎక్స్ గానీ డెబియన్ ఎల్‌ఎక్స్‌క్యూటీ గానీ అనేదాన్ని.

ఒక భ్రమ కూడా ఇక్కడే తీర్చేస్తాను. వ్యవస్థ చిన్నదైనంత మాత్రాన బ్రౌజర్ చిన్నదవదు. ఫైర్‌ఫాక్స్‌లో స్కూల్ పేజీ, యూట్యూబ్, వాట్సాప్ వెబ్ మూడూ తెరిస్తే ఏ లినక్స్ అయినా అంతే ర్యామ్ తింటుంది. 4 జీబీ ర్యామ్‌తో నాలుగైదు ట్యాబ్‌ల దగ్గర ఆగాలని బాబుకి ముందే చెప్పాలి.

ఇప్పుడు నా తప్పు.

వార్డులో మందు ఇచ్చే ముందు మేం ఐదు సరిచూస్తాం. మనిషి, మందు, మోతాదు, ఇచ్చే దారి, వేళ. ఎన్నేళ్ళ సర్వీసున్నా చూడకుండా ఇవ్వం. అలాంటిదాన్ని ఇంట్లో లాప్‌టాప్ దగ్గర కూర్చుని "డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ కాపీ చేశాను, చాలు" అనుకున్నాను. ఇన్‌స్టాలర్ "డిస్కు మొత్తం తుడిచేయనా?" అని అడిగింది. ఊఁ అన్నాను. రెండ్రోజుల తర్వాత గుర్తొచ్చింది, వాట్సాప్ నుంచి సేవ్ చేసినవన్నీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడతాయని. అందులో మా అమ్మ చివరి సంక్రాంతి ఫొటోలున్నాయి. అరిసెల పాకం చూసి చూపిస్తూ మాట్లాడిన వీడియో ఉంది. తమ్ముడి ఫోన్‌లో వెతికిస్తే ఫొటోలు సగం దొరికాయి. వీడియో దొరకలేదు. ఆ ఈఎంఎంసీ మీద కొత్త వ్యవస్థ ఎక్కేశాక తిరిగి తెచ్చే మార్గం కూడా నాకు ఎవరూ చూపలేకపోయారు.

మీకు అలా జరగకూడదు. అందుకే తుడిచే ముందు ఈ ఐదు సరిచూసుకోండి.

ఒకటి, డౌన్‌లోడ్స్‌తో సహా మీ పేరు మీదున్న యూజర్ ఫోల్డర్ మొత్తం బయటి డిస్కులోకి కాపీ. ఇంట్లో ఇంకెవరైనా వేరే లాగిన్‌తో వాడితే వాళ్ళదీ. ఇది విండోస్ బతికుండగానే, విండోస్‌లోంచే చెయ్యండి. డిస్కుకి ఎన్‌క్రిప్షన్ తాళం వేసి ఉంటే బయటి నుంచి తెరవడానికి రికవరీ కీ అడుగుతుంది.

రెండు, ఆ కాపీని వేరే కంప్యూటర్‌లోనో టీవీలోనో తెరిచి చూడండి. అంకె చూసి తృప్తి పడకండి. నాలుగు ఫొటోలు, ఒక వీడియో తెరుచుకుంటే అప్పుడు కాపీ అయినట్టు.

మూడు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు. ఇండియా బ్యాంకులవీ, స్కూల్‌దీ, డ్యూటీ రోస్టర్‌దీ. కాగితం మీద రాసుకోండి, లేదా ఫోన్‌లో అదే అకౌంట్‌కి చేరాయో లేదో చూడండి.

నాలుగు, తప్పనిసరి పనులు ముందే పరీక్ష. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మింట్ వేసుకోండి. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి కూడా పోతాయి, ఖాళీదే తీసుకోండి. ఆన్ చేసేటప్పుడు ఎఫ్12, ఎఫ్9 లేదా ఎస్కేప్ నొక్కితే దాన్నుంచి లేస్తుంది. ఇన్‌స్టాల్ చెయ్యకుండానే వాడి చూడొచ్చు. వైఫై కలిసిందా? కెమెరా, మైకు పనిచేశాయా? స్కూల్ సైటు, ట్రైనింగ్ సైటు తెరుచుకున్నాయా? ప్రింటర్ కనిపించిందా? జూమ్‌కి లినక్స్ రకం ఉంది. టీమ్స్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. మైక్రోసాఫ్ట్ వర్డ్ నేరుగా ఎక్కదు, లిబ్రేఆఫీస్ ఉంటుంది, వర్డ్ ఫైళ్ళు అందులో తెరుచుకుంటాయి. ఇండియా పనులకి డిజిటల్ సిగ్నేచర్ యూఎస్‌బీ వాడేవాళ్ళు మాత్రం దానికి వేరే విండోస్ మెషిన్ చూసుకోవడం మంచిది.

ఐదు, వేళ. రేపు బాబుకి అసైన్‌మెంట్ ఇవ్వాలనగా ఈ రాత్రి మొదలుపెట్టకండి. వరసగా రెండు ఆఫ్ రోజులున్నప్పుడు, నిద్రపోయి లేచాక.

విండోస్ పక్కనే రెండోదిగా పెట్టుకోవచ్చా అని అడుగుతారు. 32 జీబీలో వద్దు. ఒక గదిలో రెండు సంసారాలు. ఇద్దరికీ ఊపిరాడదు.

పెట్టాక ఇల్లు సర్దుకోవడం ఇలా. టెర్మినల్ తెరిచి ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో డి, ఎఫ్, ఒక ఖాళీ, ఒక అడ్డగీత, హెచ్ అని కొట్టండి. ఎంత నిండింది, ఎంత మిగిలింది చూపిస్తుంది. నెలకోసారి చూడండి, బరువు చూసుకున్నట్టు. అప్‌డేట్ మేనేజర్ సెట్టింగుల్లో పాత కర్నల్స్ తనే తీసేసేలా టిక్ పెట్టండి. టైమ్‌షిఫ్ట్ అని ఒకటుంటుంది, వ్యవస్థకి నకలు తీసి దాచేది. మంచిదే, కానీ అదే డిస్కులో దాస్తే నెల తిరక్కుండా నింపేస్తుంది. ఇంత చిన్న డిస్కులో దాన్ని ఆన్ చెయ్యకండి. ఫ్లాట్‌ప్యాక్ అని రాసున్న ప్రోగ్రాములు కూడా స్నాప్ అక్క లాంటివే. ఒక చిన్న ప్రోగ్రామ్ కోసం జీబీకి పైగా దింపుతుంది. అదే ప్రోగ్రామ్ మామూలు ప్యాకేజీగా దొరికితే అదే తీసుకోండి. మైక్రో ఎస్‌డీ కార్డు సందు ఉంటే ఒక కార్డు వేసి ఫొటోలూ సినిమాలూ అందులోకి తోసేయండి.

తెలుగు సంగతి. చదవడానికి ఫాంట్లు ప్యాకేజీలుగా దొరుకుతాయి, పోతన, వేమన ఫాంట్లు కూడా ఉన్నాయి. టైపు చెయ్యడానికి ఐబస్, దాంతో ఎమ్17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుంటే తెలుగులో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ పద్ధతులు వస్తాయి. ఆర్‌టీఎస్ అంటే ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే పద్ధతి. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో మన తెలుగువాళ్ళు తయారుచేసింది. ఆ పేరులోని మొదటి అక్షరం ఆ రైస్‌దే. మనలాగే ఇల్లు వదిలి వచ్చి, అమ్మకి ఉత్తరం తెలుగులో రాసుకోవాలనుకున్నవాళ్ళ పని అది. ఊళ్ళో ఉన్న మీ తమ్ముళ్ళకి, మేనల్లుళ్ళకి ఇదే సాయం కావాలంటే హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ ఏళ్ళుగా తెలుగులో లినక్స్ కోసం పనిచేస్తోంది. వాళ్ళని కలవమనండి.

చెల్లెలు పోయిన ఆదివారం పెన్‌డ్రైవ్‌తో లేపి చూసింది. వైఫై కలిసింది, స్కూల్ పేజీ తెరుచుకుంది, ప్రింటర్ ఒక్కటి సతాయిస్తోంది. ఇంకా తుడవలేదు. కాపీ చేసిన డిస్కు తెరిచి చూశావా అంటే "ఇంకా లేదక్కా" అంది. అయితే ఆగు అన్నాను. వచ్చే ఆఫ్‌లో ఇద్దరం వీడియో కాల్‌లో కూర్చుని, ముందు ఆ ఫొటోలు నాలుగు తెరిచి చూసి, అప్పుడు నొక్కుతాం.

మీ ఇంట్లో కూడా ఇలాంటి లాప్‌టాప్ మంచం కింద దుమ్ము పట్టి ఉంటే తీయండి. వెనకాల స్టిక్కర్ ఫొటో, డిస్కు ఎంత, ర్యామ్ ఎంత అని గ్రూపులో పెట్టండి. మీకు ఏది చాలుతుందో కలిసి చూద్దాం. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మాత్రం ఈ రాత్రే ఒకసారి తెరవండి. ఎవరి గొంతు అందులో ఉందో.

వచ్చే నెల మళ్ళీ కలుద్దాం.

మీ అక్క